పొగ పెట్టే ముందు పేరు కనుక్కుందాం

2020 ఏప్రిల్. నా ఎనిమిదో తరగతి పరీక్షలు లేకుండానే పాస్ అయిపోయాను. జగిత్యాల వైపు అమ్మమ్మ వాళ్ల ఊరికి నాలుగు రోజులని వెళ్లి లాక్‌డౌన్‌లో అక్కడే ఇరుక్కుపోయాం. ఊరి చివర ఒక పాడుబడ్డ మండపం ఉంటుంది. లోపల చీకటి, వాసన, పైకప్పు నిండా గబ్బిలాలు. చిన్నవి, పురుగులు తినేవి. పొద్దు గూకగానే ఒక్కసారిగా బయటికొచ్చి పొలాల మీదికి పోయేవి.

ఆ నెలలో ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. కరోనా గబ్బిలాల నుంచే వచ్చిందని. రెండు రోజుల్లో నిర్ణయం అయిపోయింది. ఎండు మిరపకాయలు, వేపాకు, పాత టైరు ముక్కలు వేసి మండపంలో పొగ పెట్టారు. ఆ పొగలో దారి తెలియక గబ్బిలాలు గోడలకు కొట్టుకున్నాయి. కొన్ని కింద పడ్డాయి. పెద్దవాళ్లు కర్రలతో ఉన్నారు. నాకూ మా బావకూ చీపుర్లు ఇచ్చారు. నేల మీద నల్లగా, పొడిగా, మందంగా పేరుకున్న పెంటంతా ఊడ్చాం. దుమ్ము మండపం నిండా లేచింది. ముఖానికి కర్చీఫ్ కట్టుకున్నాం, కరోనా రాకూడదని.

అమ్మమ్మ ఒక్కతే గడప దగ్గర కూర్చుని అన్నది: "గవేం జేసినయి బిడ్డా? గవి మనకంటె ముందుగాల్నించి ఉన్నయి గాడ." ఎవరూ వినలేదు. నేనూ వినలేదు. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజు సరదాగానే ఉంది.

ఆ రోజు మేం చేసిన పని ఎలాంటిదో నాకు ఐదేళ్ల తర్వాత తెలిసింది. అది కూడా క్లాసులో కాదు, మినీ ప్రాజెక్ట్ కోసం టాపిక్ వెతుక్కుంటుంటే. అందరూ ఫేస్ రికగ్నిషన్ అటెండెన్స్, స్టాక్ ప్రైస్ ప్రెడిక్షన్ తీసేసుకున్నారు. మిగిలింది సీక్వెన్స్ కంపారిజన్. డీఎన్‌ఏ అంటే ఎ, సి, జి, టి అనే నాలుగు అక్షరాల స్ట్రింగే కదా, స్ట్రింగ్ మ్యాచింగ్ మనకు వచ్చు కదా అని దిగాను. అలా గబ్బిలాలు మోసే ఫంగస్‌ల దగ్గరికి చేరాను. రివ్యూలో ఒక సార్ అడిగారు, "గబ్బిలాల మీద బీటెక్ ప్రాజెక్టా?" అని. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

మన క్లబ్‌లో గబ్బిలం అంటే అందరికీ గుర్తొచ్చేది జాషువా గారే. ఇంగ్లీష్ మీడియం బ్యాచ్ కాబట్టి నేను ఆ కావ్యం గురించి విన్నదే ఇక్కడికొచ్చాక. గుడిలోకి అడుగు పెట్టనివ్వని మనిషి, గుడిలోకి ఏ అడ్డూ లేకుండా ఎగిరి వెళ్లే గబ్బిలం చేత శివుడికి తన గోడు చెప్పి పంపుతాడు. అక్కడ గబ్బిలం మోసింది మనిషి మాట. నేను చెప్పబోయే కథలో గబ్బిలం మోస్తున్నది ఒక జబ్బు. చిత్రం ఏంటంటే, దాన్ని గబ్బిలానికి అంటించింది కూడా బహుశా మనిషే.

ఆ కథ అమెరికాది. 2006 ఫిబ్రవరిలో న్యూయార్క్ రాష్ట్రంలో ఆల్బనీకి దగ్గర్లోని ఒక గుహలో తీసిన ఫోటోల్లో గబ్బిలాల ముక్కుల మీద తెల్లటి బూజు కనిపించింది. మరుసటి చలికాలానికి ఆ చుట్టుపక్కల గుహల్లో గబ్బిలాలు కుప్పలుగా చచ్చి పడి ఉన్నాయి. ఆ జబ్బుకు వైట్ నోస్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అక్కడి గబ్బిలాలు చలికాలమంతా ఒళ్లు చల్లబరుచుకుని, ఒంట్లో దాచుకున్న కొవ్వు మీద బతుకుతూ నిద్రపోతాయి. ఈ ఫంగస్‌కు ఆ చల్లదనమే కావాలి. ఇరవై డిగ్రీలు దాటితే అది పెరగదు. నిద్రపోతున్న గబ్బిలం చర్మాన్ని, రెక్కల్ని తినేస్తుంది. గబ్బిలం మాటిమాటికీ మేలుకుంటుంది. మేలుకున్న ప్రతిసారీ కొవ్వు ఖర్చవుతుంది. బయట మంచు, తినడానికి పురుగుల్లేవు. ఆకలితో చచ్చిపోతుంది. 2012 నాటికే యాభై లక్షలకు పైగా గబ్బిలాలు పోయాయని అక్కడి ప్రభుత్వ సంస్థ లెక్క.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ ఫంగస్ ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడే ఎప్పట్నుంచో ఉండి కొత్తగా చెడ్డదైందా, లేక బయటి నుంచి వచ్చిందా? మైక్రోస్కోప్‌లో చూస్తే దీనికి జవాబు దొరకదు. రెండూ ఒకేలా ఉంటాయి. ఇక్కడే టైపింగ్ కావాలి.

టైపింగ్ అంటే కష్టమైన విషయమేం కాదు. మా అమ్మమ్మ పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు చేసేది అదే. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన చుట్టాలు అయిపోరు. అమ్మమ్మ ఇంటిపేరు అడుగుతుంది, తాతల ఊరు అడుగుతుంది, ఇంటి దేవుడు ఎవరని అడుగుతుంది, మేనమామలు ఎవరని అడుగుతుంది. అన్నీ కలిస్తేనే "ఇగ వీళ్లు మనోళ్లే" అంటుంది. ఫంగస్‌కు కూడా అంతే. ఒక్క జన్యువు చూస్తే మోసపోవచ్చు. అందుకే నాలుగో, ఎనిమిదో జన్యువులు ఎంచుకుని, ప్రతి నమూనాలో వాటి అక్షరాలు చదివి, ఎక్కడెక్కడ తేడాలున్నాయో పోలుస్తారు. దీన్నే మల్టీలోకస్ సీక్వెన్స్ టైపింగ్ అంటారు. ఇంకా సన్నగా చూడాలంటే మొత్తం జీనోమ్ చదువుతారు.

సీఎస్ వాళ్ల కోసం ఇంకోలా చెప్తా. గిట్‌లో రెండు ఫోల్డర్లు చూడటానికి ఒకేలా ఉన్నాయి. ఏది ఒరిజినలో, ఏది కాపీనో ఎలా తెలుస్తుంది? కమిట్ హిస్టరీ చూస్తాం. ఒరిజినల్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న బ్రాంచీలు ఉంటాయి. నిన్న క్లోన్ చేసినదాంట్లో ఒకే గీత ఉంటుంది. జన్యువుల్లో తేడాలు కూడా కాలంతో పాటు పేరుకునేవే. ఎక్కడ ఎక్కువ రకాలు ఉంటే అక్కడ అది పాతది.

న్యూయార్క్ పరిశోధకులు 2011లో పోల్చి చూస్తే, వేర్వేరు చోట్ల గబ్బిలాల మీద దొరికిన ఫంగస్ మధ్య తేడానే లేదు. అంతా ఒక్కటే క్లోన్. యూరప్‌లో గబ్బిలాల మీద ఇదే ఫంగస్ ఉంది, కానీ అక్కడ అవి గుంపులు గుంపులుగా చావడం లేదు. యూరప్ నమూనాలు చదివితే రకరకాలు బయటపడ్డాయి. అక్కడ ఆ ఫంగస్‌కు రెండు మేటింగ్ టైపులూ ఉన్నాయి. అమెరికాలో దొరికింది ఒక్కటే. 2012లో యూరప్ ఫంగస్‌ను అమెరికా గబ్బిలాలకు అంటించి చూస్తే అవి అచ్చం అలాగే జబ్బు పడ్డాయి. అంటే యూరప్ నుంచి ఎప్పుడో ఒకసారి, ఏదో ఒక రకం, అట్లాంటిక్ దాటి వచ్చింది. ఆ గబ్బిలాలు సముద్రం దాటలేవు. దాటగలిగింది మనుషుల బూట్లు, తాళ్లు, బ్యాగులు.

2025లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన దీన్ని ఇంకా దగ్గరికి తెచ్చింది. వందల మంది వాలంటీర్లు గుహల్లో తీసిన వేల నమూనాలు చదివారు. అమెరికాలో ఉన్న క్లోన్ వేళ్లు ఉక్రెయిన్‌లోని పొడిల్లియా ప్రాంతంలో తేలాయి. అక్కడ ప్రపంచంలోనే అతి పొడవైన జిప్సం గుహలున్నాయి. గుహలు చూడ్డానికి దేశాలు దాటి తిరిగే వాళ్ల సామాన్లతో వచ్చి ఉంటుందని పరిశోధకుల అంచనా. అదే పరిశోధనలో ఇంకో విషయం బయటపడింది. ఇన్నాళ్లూ ఒకటే అనుకున్న ఫంగస్ నిజానికి రెండు జాతులు. అమెరికాలో అడుగుపెట్టింది ఒక్కటే. రెండోది ఇంకా యూరప్, ఆసియా వైపే ఉంది. ఇది తెలియకపోతే ఏమయ్యేది? "ఎలాగూ వచ్చేసింది కదా, ఇంకా బూట్లు కడగడం ఎందుకు" అనుకునేవాళ్లు. రెండోది కూడా వచ్చేది.

నేను ఈ వ్యాసం రాస్తున్నది ఈ ఒక్క పాయింట్ కోసమే. టైపింగ్ అంటే ల్యాబ్‌లో కూర్చుని పేర్లు పెట్టుకునే పని అనుకుంటాం. పేరు మారితే మనం చేయాల్సిన పని మారిపోతుంది. పేరు తెలియనంత కాలం దోషి గబ్బిలం. తెలిశాక గబ్బిలం బాధితురాలు, కడగాల్సింది మన బూట్లు.

గబ్బిలాలు పోతే మనకేంటి అనేవాళ్లకు కూడా లెక్క ఉంది. 2024లో 'సైన్స్' పత్రికలో ఇయాల్ ఫ్రాంక్ అనే ఆర్థికవేత్త ఒక పేపర్ ప్రచురించాడు. వైట్ నోస్ సిండ్రోమ్ వచ్చిన అమెరికా కౌంటీల్లో పురుగులు తినే గబ్బిలాలు లేకపోయేసరికి రైతులు పురుగుమందుల వాడకం సగటున 31 శాతం పెంచారు. ఆ కౌంటీల్లో ప్రమాదాలు, హత్యలు కాకుండా ఇతర కారణాలతో జరిగే శిశు మరణాలు దాదాపు 8 శాతం పెరిగాయి. ఒక గుహలోని బూజు నుంచి ఒక ఉయ్యాల దాకా దారి ఉంది. ఇది చదివిన రోజు నాకు ఆ మండపం నుంచి సాయంత్రం వరి పొలాల మీదికి పోయే గుంపు గుర్తొచ్చింది. అవి రాత్రంతా ఎన్ని పురుగులు తినేవో మేం లెక్క పెట్టలేదు.

"సరే, అది చలి దేశం గొడవ. మన దగ్గర ఆ ఫంగస్ బతకదు కదా" అంటారు. నిజమే, మన ఎండలకు అది తట్టుకోదు. మన దగ్గర ఇంకొకటి ఉంది. దాని పేరు హిస్టోప్లాస్మా.

దీని చరిత్ర మొదటి నుంచీ పొరపాట్ల చరిత్రే. 1905 చివర్లో పనామా కాలువ పనులు జరుగుతున్న చోట శామ్యూల్ డార్లింగ్ అనే డాక్టర్, చనిపోయిన ఒక కూలీ శరీరాన్ని పరీక్షించాడు. చూడ్డానికి టీబీలా ఉంది. లోపల చూస్తే టీబీ కాదు, చిన్న చిన్న గుండ్రటి కణాలు. మలేరియా క్రిమి లాంటి జీవి అనుకున్నాడు, చుట్టూ ఒక తొడుగు ఉందనుకున్నాడు. అలా హిస్టోప్లాస్మా క్యాప్సులేటం అని పేరు పెట్టాడు. తర్వాత తేలిందేంటంటే అది మలేరియా లాంటిది కాదు, ఫంగస్. దానికి తొడుగూ లేదు. తప్పుడు పేరే మిగిలిపోయింది.

ఇది మట్టిలో బూజులా పెరుగుతుంది. మన ఒంటి వేడికి ఈస్ట్‌లా మారిపోతుంది. గబ్బిలాల పెంట, పక్షుల పెంట కలిసిన మట్టి దీనికి మంచి ఎరువు. పక్షులకు ఒళ్లు వేడి కాబట్టి వాటికి ఇది సోకదు. గబ్బిలాలకు సోకుతుంది, అవి ఎక్కడికి వెళ్తే అక్కడికి మోసుకెళ్లగలవు. మనిషికి అంటేది గబ్బిలాన్ని ముట్టుకుంటే కాదు. ఎండిన పెంటను కదిలించినప్పుడు లేచే దుమ్ము పీల్చితే.

ఇక్కడ చదవడం ఆపి నేను కాసేపు లాప్‌టాప్ మూసేశాను. చీపురు గుర్తొచ్చింది. ఆ మండపంలో నిజంగా ప్రమాదం ఉండి ఉంటే, గబ్బిలాలు పైన వేలాడుతున్నంత కాలం అది నేల మీద పడి ఉంది. దాన్ని లేపి ముక్కులోకి తెచ్చుకున్నది మేమే, ఆ రోజే, జబ్బు నుంచి కాపాడుకుంటున్నాం అనుకుంటూ. కర్చీఫ్ ఆ దుమ్మును ఆపదు. మాకు ఏమీ కాలేదు. ఒంట్లో శక్తి ఉన్నవాళ్లలో చాలామందికి ఇది సోకినా తెలియకుండానే పోతుంది. కానీ అదే రోజు మండపం బయట షుగర్ ఉన్న తాతయ్య కూడా నిలబడి ఉన్నాడు.

దీనికీ టైపింగ్ జరిగింది. 2003లో టకావో కసుగా, ఆయన తోటి పరిశోధకులు 25 దేశాల నుంచి 137 నమూనాలు తీసుకుని నాలుగు జన్యువులు పోల్చారు. ఒకే జాతి అనుకున్నది కనీసం ఎనిమిది గుంపులుగా విడిపోయింది. 2017లో మొత్తం జీనోమ్‌లు చదివి కొన్నింటికి వేరే జాతి పేర్లే ఇచ్చారు. మెక్సికోలో పరిశోధకులు ఏళ్ల తరబడి అడవి గబ్బిలాల నుంచి, రోగుల నుంచి రెండు వైపులా నమూనాలు తీసి పోలుస్తూ వచ్చారు. అలా చేస్తేనే ఏ రకం ఎక్కడ తిరుగుతోంది, వలస వెళ్లే గబ్బిలాలతో ఏది వస్తోంది అనేది తెలుస్తుంది.

మన దేశంలో మొదటి కేసు 1954లో కలకత్తా నుంచి నమోదైంది. ఆ ప్రాంతంలోనే గబ్బిలాల పెంట కలిసిన మట్టిలోంచి ఈ ఫంగస్‌ను 1970ల్లో వేరుచేశారు. 2022లో ఒక పరిశోధన భారతీయ రోగుల నుంచి తీసిన నమూనాల జీనోమ్‌లు చదివింది. అవి మిగతా ప్రపంచంలోని వాటి నుంచి స్పష్టంగా వేరుపడిన వంశం అని తేలింది. అంటే మన దగ్గరున్నది పనామాది కాదు, అమెరికాది కాదు. మనదే, వేరేది. కానీ ఆ కథలో సగమే తెలిసింది. రోగి వైపు చదివాం. అది ఏ గుహలోంచి, ఏ పాత కోటలోంచి, ఏ మండపంలోంచి వచ్చిందో చెప్పాలంటే గబ్బిలం వైపు కూడా చదవాలి.

ఇది ఎందుకు అర్జెంటు అంటే, టీబీ. హిస్టోప్లాస్మోసిస్ ముదిరితే జ్వరం, దగ్గు, బరువు తగ్గడం. ఎక్స్‌రేలో మచ్చలు. మన దేశంలో ఇలా ఎవరైనా వస్తే డాక్టర్‌కు ముందుగా తట్టేది టీబీయే, తట్టాల్సిందీ అదే. కానీ టీబీ మందులు ఫంగస్ మీద పనిచేయవు. నెలల తరబడి మందులు మింగుతూ చిక్కిపోయిన తర్వాత అసలు జబ్బు బయటపడిన కేసులు మెడికల్ జర్నళ్లలో చాలానే ఉన్నాయి. 1905లో డార్లింగ్ ముందున్న తికమకే ఇప్పటికీ మన జిల్లా ఆసుపత్రుల్లో ఉంది. ఏ ప్రాంతంలో ఏ రకం ఉందో మ్యాప్ ఉంటే, ఆ ప్రాంతం నుంచి వచ్చిన రోగిని చూసినప్పుడు డాక్టర్‌కు రెండో అనుమానం కొంచెం ముందే వస్తుంది.

నా రూమ్మేట్ ఈ డ్రాఫ్ట్ చదివి, "నువ్వు గబ్బిలాల లాయర్‌వా? కేరళలో నిఫా సంగతేంటి మరి?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. గబ్బిలాలు జబ్బులు మోస్తాయి. నిఫా నిజం. హిస్టోప్లాస్మా నిజం. కరోనా వైరస్ దగ్గరి చుట్టాలు కొన్ని రకాల గబ్బిలాల్లో దొరికిన మాటా నిజమే. భయపడొద్దని నేను అనను. కానీ గబ్బిలం అనే ఒక్క మాట కింద 1,400కు పైగా జాతులున్నాయి. ఎక్కడో ఒక జాతిలో దొరికిన వైరస్‌కు మా ఊరి మండపంలోని ఇంకో జాతిని శిక్షించడం అంటే, ఇంటిపేరు కలిసిందని పక్క జిల్లా వాణ్ని అరెస్ట్ చేయడమే. పైగా పొగ పెడితే జబ్బు పోదు. గబ్బిలాలు చెల్లాచెదురై ఇంకో చోటికి, ఒక్కోసారి ఇళ్లలోకే పోతాయి. దుమ్ము మాత్రం మనకు మిగులుతుంది.

చట్టం కూడా చాలాకాలం ఇదే తప్పు చేసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పండ్లు తినే గబ్బిలాలు ఎలుకలు, కాకులతో పాటు హానికర జంతువుల జాబితాలో ఉండేవి. 2022 సవరణతో ఆ జాబితానే తీసేశారు. కాగితం మీద పేరు మారడానికి 50 ఏళ్లు పట్టింది.

కాబట్టి నా అభిప్రాయం మూడు ముక్కల్లో చెప్తాను.

ఒకటి, మన రాష్ట్రాల్లో గుహలు, కోటలు, పాడుబడ్డ గుళ్లు, మండపాలు బోలెడున్నాయి. అక్కడి గబ్బిలాల నుంచి, నేల మీది మట్టి నుంచి నమూనాలు తీసే పని శిక్షణ ఉన్నవాళ్లతో క్రమంగా జరగాలి. దీనికి గబ్బిలాన్ని చంపక్కర్లేదు. అమెరికా, యూరప్‌లలో దూది పుల్లతో రెక్క మీద, ముక్కు మీద తుడిచి వదిలేస్తున్నారు. యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, అటవీ శాఖ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే అయ్యే పని ఇది.

రెండు, చదివిన సీక్వెన్సులు తేదీ, చోటు వివరాలతో సహా అందరికీ కనిపించే డేటాబేస్‌లో పెట్టాలి. నా ప్రాజెక్ట్‌లో నేను ఓడిపోయింది ఇక్కడే. కోడ్ రెండు రాత్రుల్లో పనిచేసింది. అమెరికా ఖండాల సీక్వెన్సులు కావాల్సినన్ని దొరికాయి. ఇండియా పేరున్నవి వెతుక్కోవాల్సి వచ్చింది. దొరికిన వాటిలో కూడా ఊరు కాలమ్ ఖాళీగా కనిపించేది. చెట్టు గీస్తే మన కొమ్మ మీద ఆకుల్లేవు. అల్గారిదం ఎంత గొప్పదైనా, లేని డేటాను కనిపెట్టలేదు.

మూడు, ఇది డబ్బులు అక్కర్లేనిది. గబ్బిలాలున్న ప్రతి పాత కట్టడం ముందు తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. ఎండిన పెంటను ఊడ్చొద్దు, శుభ్రం చేయక తప్పకపోతే ముందు నీళ్లతో తడపండి, మంచి మాస్కు పెట్టుకోండి, పొగ పెట్టొద్దు. నాలుగు లైన్లు. 2020లో మా ఊళ్లో ఆ బోర్డు ఉంటే వాట్సాప్ ఫార్వర్డ్‌కు ఎదురుగా నిలబడటానికి అమ్మమ్మకు ఒక ఆధారం దొరికేది.

రివ్యూలో అడిగిన సార్‌కు నా జవాబు ఇదే. సార్, ఇది గబ్బిలాల ప్రాజెక్ట్ కాదు. ఎవరిది తప్పో తేల్చడానికి స్ట్రింగులు పోల్చే ప్రాజెక్ట్. అంతకంటే సీఎస్ ఏముంటుంది?

మొన్న దసరాకు అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. సాయంత్రం మండపం వైపు చూస్తే కొన్ని బయటికొచ్చాయి. వెనకటిలా ఆకాశం నల్లబడేంత కాదు, చేతుల మీద లెక్కపెట్టేన్ని. అమ్మమ్మ చూసి, "మల్ల అచ్చినయి సూడు" అన్నది. నేను ఏం చదువుతున్నానో చెప్పాను. ఫంగస్, జీన్ అన్నవి పక్కన పెట్టేసి, "ఎవరి తప్పో ముందు చూసుకోవాలె అంటున్నరు అమ్మమ్మా" అన్నాను. "గది సదువుకుంటేనే తెలుస్తదా?" అన్నది.

వచ్చే సెమ్‌లో ఈ ప్రాజెక్ట్ కొనసాగిస్తున్నాను. ఇంకో ఇద్దరు కావాలి. పైథాన్ వస్తే చాలు, గబ్బిలం అంటే భయం ఉన్నా పర్వాలేదు. మండపంలోకి ఎవర్నీ తీసుకెళ్లను.